గాలం పట్టుకుని ఉప్పుటేటికి పోతున్న మేనకోడలికి

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసి "గాలం వెయ్యడానికి కాకినాడ పోతుందట వదినా, అదీ ఈ ఎండల్లో, నువ్వన్నా గడ్డి పెట్టు" అంది. పెడతాలే అన్నాను గానీ ఫోన్ పెట్టేశాక ఇక్కడ కూకట్‌పల్లి ఫ్లాట్లో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నా. మన ఇంట్లో గాలం పట్టిన ఆడపిల్ల నాతోనే ఆఖరు అనుకున్నానే! సరే వెళ్ళు, కాకపోతే ఇది మొత్తం చదివాకే గౌతమి రైలెక్కు.

చిన్నవి ముందు చెప్పేస్తా. టోపీ, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మంచినీళ్ళు, ఓఆర్ఎస్. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, సముద్రం గాలి చల్లగా తగుల్తుంటే ఒళ్ళు ఎండిపోతున్న సంగతే తెలీదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు, ఇంజన్ బోటులో తిప్పుతానని ఎవడన్నా డబ్బులడిగితే ఎక్కకు. కోరింగ మడ అడవి 1978 నుంచీ అభయారణ్యం, గాలం పట్టుకుని ఏ పాయలో పడితే ఆ పాయలో దూరిపోతామంటే కుదరదు, ఫారెస్ట్ వాళ్ళని ముందే అడుగు. మడ చెట్ల కొమ్మలు ఊరికే విరవకు, అందులో తిల్ల చెట్టుంటే దాని పాలు కంట్లో పడి చూపుకే ముప్పు.

ఇంక అసలు సంగతి. గండిపేటలో నాలుగు చేపలు పట్టానని ధైర్యంగా ఉన్నావటగా. గండిపేట నీళ్ళు పొద్దున ఎక్కడుంటే సాయంత్రం కూడా అక్కడే ఉంటాయి తల్లీ. ఉప్పుటేట్లో అలా కాదు, నీళ్ళు ఎక్కితే పోటు, దిగితే పాటు, పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటలు, రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది, అష్టమికి చిన్నది. ఫోన్లో టైడ్ టైములు చూసుకో, క్యాలెండర్లో తిథి కూడా చూసుకో. చేప కూడా ఆ లెక్క మీదే తిరుగుద్ది. పాటు తీసేటప్పుడు మడ వేర్ల మధ్య నుంచి రొయ్య పిల్లలు కొట్టుకొస్తాయి కదా, వాటి కోసం పండుగప్ప పాయ మూతి దగ్గర కాపలా కాస్తది. పోటు మొదలవగానే కొయ్యంగ చేపలు గుంపులుగా బురద మేట మీదకి ఎక్కుతాయి, వాటి వెనకే పెద్దవి. అంటే చేప బాగా పడే టైమూ, మనిషి మేట మీద ఉండకూడని టైమూ ఒకటే!

మీ నాన్న నీకు ఆ పెద్ద పండుగప్ప కథ వందసార్లు చెప్పుంటాడు. చెప్పిన ప్రతిసారీ చేప పెరుగుద్ది, గట్టు మీద నేనున్న సంగతి మాత్రం రాదు. అప్పటికి వాడికి మీసాలు కూడా సరిగా రాలేదు. అమావాస్య మర్నాడు, పాటు తీసి మేట బయటపడింది, నేను వద్దురా అంటుంటే చివరిదాకా నడుచుకుంటూ పోయి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. నీళ్ళు ముందు నుంచి వస్తాయి, వస్తే కనపడతాయిలే అని వాడి లెక్క. కానీ పోటు ముందు ఎక్కేది పల్లంలోకి. వాడికీ గట్టుకీ మధ్య ఒక చిన్న పాయ ఉంది, వెళ్ళేటప్పుడు పిక్కల దాకా కూడా లేదు, అది వెనకాల నిండుకుంటూ వస్తోంది. నేను అరుస్తున్నా, గాలి అటు నుంచి ఇటు, వాడికి వినపడదు. వినపడినా తిరిగేవాడు కాదేమో, అప్పుడే చేప తగులుకుంది మరి. దాన్ని ఆడించుకుంటూ ఎంతసేపున్నాడో, వెనక్కి చూసేసరికి పాయ గుండెల్లోతు. కంగారులో ఒక కాలు బురదలోంచి గట్టిగా లాగాడు, రెండోది మోకాలి దాకా దిగింది. అలా ఇరుక్కుంటే పడుకోవాలే పిచ్చిదానా, బరువంతా పరిచి పాక్కుంటూ రావాలి, నిలబడి పెనుగులాడకూడదు. పీతల వల తీసుకుంటున్న ఒక ముసలాయన నావ తోసుకొచ్చి జబ్బ పట్టి లాగాడు కాబట్టి ఇవాళ నువ్వున్నావు. ఆ రాత్రి మా అమ్మకి చెప్పకుండా వాడి ప్యాంటు నేనే ఉతికా, బురద నాలుగు నీళ్ళకి గానీ వదల్లేదు.

అందుకే పాటు ఆఖరికి ముందే మేట దిగెయ్, అమావాస్య పున్నాలప్పుడు అసలు ఎక్కకు. మధ్యలో రెండు గంటల్లోనే సగం నీళ్ళు వచ్చేస్తాయి. లంగరేసిన నావ ముక్కు తిరిగిందా, నురగ ఇందాక అటు పోయి ఇప్పుడిటు వస్తోందా, అదే గుర్తు, ఇంక "ఒక్కసారి గాలం విసురుతా" అనకు. గట్టు మీద ఒక మనిషిని కూర్చోబెట్టు, ఫోన్ చూసుకునే మనిషిని కాదు.

నీళ్ళలో కాళ్ళు ఎత్తి వెయ్యకు, ఈడ్చుకుంటూ నడు, తోకలో ముల్లుండే టేకు చేప ఉంటే తప్పుకుంటుంది. ముల్లు దిగితే తట్టుకోగలిగినంత వేన్నీళ్ళలో పెట్టి ఆసుపత్రికి పో. జెల్లకి వీపు మీదొకటి, పక్కల చెరొకటి ముళ్ళు, జాగ్రత్త. పండుగప్ప చెవిరెక్క, అదే మొప్ప మీది మూత, దాని అంచు బ్లేడే, అక్కడ వేలు పెట్టకు. పుట్టినప్పుడు మగదిగా ఉండి పెద్దయ్యాక ఆడదవుతుంది అది, అందుకే బాగా పెద్దది పడితే ఫొటో తీసుకుని వదిలెయ్, మీ నాన్న ఏడ్చినా సరే.

మధ్యరకంది పడితే ఐస్ బాక్సులో పెట్టి నేరుగా మా ఇంటికి తే. చింతపండు నానబెట్టి ఉంచుతా. తలకాయ నాది, మీ నాన్నకి పులుసు ముక్కలు చాలు.

మీ అత్త