గీకితే బయటపడే జరీ

చిట్టితల్లికి, అత్త ఆశీస్సులు.

ఫ్లోరెన్సులో కోర్సు మొదలైందనీ, బొమ్మ వేసే మొదటి చెక్క పలకే పాడైపోయిందనీ రాశావు. దానికి టెన్షన్ ఎందుకు? నేను నాలుగు పాడుచేశాకే ఒకటి కుదిరింది. జరీ బట్టను బొమ్మలోకి ఎలా దించారని అడిగావు కాబట్టి నా చేతికి తెలిసింది చెబుతాను.

ముందు అక్కడి చిత్రశాల ఉఫిజీకి వెళ్లు. సిమోనే మార్తిని 1333లో వేసిన బొమ్మలో, మరియమ్మ ముందు మోకరిల్లిన దేవదూత దగ్గర నిలబడు. ఆ తెల్లబట్ట మీది బంగారు ఆకులు కుంచెతో దిద్దినవని అనుకుంటాం. కాదు. కింద పరిచిందే బంగారం. దాని మీద రంగు పూసి, ఆకు కావాల్సిన చోట రంగును గీకి తీసేశారు. అప్పట్లో ఆసియా నుంచి ఇటలీకి వచ్చే ఖరీదైన పట్టును తాతారు బట్ట అనేవారు. ఆ నేతకు నకలే ఇది.

పలక మీద సుద్ద పూత, దాని మీద ఎర్రమట్టి, ఆపైన బంగారు రేకు, అగేటు అనే గట్టి రాయితో రుద్ది మెరుగు. ఇంతవరకు మీకు నేర్పే ఉంటారు. రేకు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని అనే ఇటలీ చిత్రకారుడు తన పుస్తకంలో, ఒక డుకాట్ బంగారు నాణేనికి 145 రేకులు సాగదీస్తున్నారు, నువ్వు వందకు మించనివ్వకు అని రాశాడు. కంసాలి పని ఎక్కడైనా కంసాలి పనే!

ఇక అసలు పని. గుడ్డు పచ్చసొనతో కలిపిన రంగు పూశాక తొందరపడకు. తడిగా ఉండగా గీకితే అలుక్కుపోతుంది. బాగా బిగిశాక గీకితే పెచ్చులు లేస్తుంది. వేలికి అంటకుండా, ఇంకా మెత్తగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. ముందు ఒక మూల గీకి చూసుకో. నేను ఇనప సూదితో గీకి, బంగారం కూడా చీరేసి, లోపలి తెల్లసుద్ద దాకా పోయాను. గట్టి చెక్కతో గానీ ఎముకతో గానీ చేసిన పుల్ల కావాలి. ఒక కొన సన్నగా గీతకు, రెండోది వెడల్పుగా రంగు తీయడానికి.

గీకగానే అయిపోయిందనుకునే వాళ్లే ఎక్కువ. నున్నటి బంగారం అద్దం లాంటిది, ఒక వైపు నుంచి చూస్తే నల్లగా కనబడుతుంది. అందుకే బయటపడిన బంగారం మీద మొద్దు ములుకుతో చిన్న చిన్న చుక్కలు కొట్టాలి. ఒక్కో గుంటా వెలుగును ఒక్కో వైపు విసురుతుంది. జరీ పోగు మెరిసినట్టు ఉండేది అప్పుడే. నా దృష్టిలో పనంతా ఇక్కడే ఉంది. సుత్తి దెబ్బ మాత్రం మెల్లగా పడాలి.

ఎరుపు కావాలంటే లక్క రంగు వాడు. మన గాజుల లక్కనిచ్చే పురుగు నుంచే ఆ ఎరుపూ వస్తుంది. ఆ రోజుల్లో రంగేసిన ఉన్నిబట్టల కత్తిరింపుల నుంచి కూడా ఎరుపు లాగేవారు. అంటే బొమ్మలోని బట్టకు నిజం బట్ట రంగే! చెన్నీని మాత్రం అది నిలవదు, లక్క జిగురు నుంచి తీసిన ఎరుపే తీసుకో అన్నాడు.

కొయ్యతో చెక్కిన బొమ్మలకు వేరే దారి. జర్మనీ వైపు తగరం రేకును చెక్కిన అచ్చులో నొక్కి, వెనక మైనం లాంటిది నింపి, బొమ్మకు అతికించి బంగారం వేసేవారు. సన్నటి సమాంతర గీతలు నేత పోగుల్లాగే ఉంటాయి. దగ్గరగా చూస్తే అతుకులూ తెలుస్తాయి.

1435లో చిత్రకళ మీద పుస్తకం రాసిన ఇటలీ పండితుడు అల్బెర్తీ, బంగారాన్ని రంగులతో చూపించగలిగేవాడే చిత్రకారుడన్నాడు. మరుసటి ఏడాది వాన్ ఐక్ అనే చిత్రకారుడు ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్‌లో ఒక బిషప్పు నీలి జరీ వస్త్రాన్ని నూనె రంగులతోనే నిజంలా వేశాడు. ఒప్పుకుంటాను. నాకైతే ఆ చుక్కల బంగారమే ఇష్టం.

ఈసారి అరచేయంత పలకే తీసుకో. అయ్యాక పక్క నుంచి దీపం పెట్టి ఫొటో తీసి పంపు. ఎదురుగా ఫ్లాష్ వేసి తీస్తే చుక్కలు కనబడవు.

అత్త