‘ఉంటే ఇస్తారా’ అని హంగేరియన్‌లో ఎలా అడగాలి?

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి. హంగేరీలోని సెగెద్‌లో మెడిసిన్ రెండో సంవత్సరం చదువుతున్నాను. క్లాసులు ఇంగ్లీషులోనే జరుగుతాయి. కానీ వార్డులో పేషెంట్లతో మాట్లాడాలి కాబట్టి హంగేరియన్ కూడా నేర్పుతున్నారు. మొన్న బేకరీలో ‘అకరొక్’, అంటే ‘నాకు కావాలి’ అన్నాను. కౌంటర్‌లో ఉన్నావిడ మొహం మాడ్చుకుంది. ‘సెరెత్నేక్’ అనాలట. సరే అనుకుంటే, పరీక్షలో ‘నాకు తెలిసుంటే’ అనడానికి ‘తుద్నాక్’ అని రాసింది కొట్టేశారు. ‘తుద్’లో ‘ఉ’ ఉంది కదా, రూల్ ప్రకారం ‘నాక్’ రావాలి. పేషెంట్ల ముందు నోరు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు బేకరీ సంగతి చెప్తానమ్మా. నేను హంగేరీలోనే దెబ్రెత్సెన్ అనే ఊళ్లో ఆరేళ్లు ఉన్నాను. వెళ్లిన కొత్తలో నేనూ ‘అకరొక్’ అనేదాన్ని. మాన్పించింది మా ఇంటి ఓనరమ్మ. డెబ్బై దాటిన మనిషి. ఒకరోజు పొగాచలు చేసింది. ఉప్పగా ఉండే చిన్న బన్నుల్లాంటివి, అప్పుడే పొయ్యిలోంచి తీసినవి. నేను ‘అకరొక్’ అనగానే ప్లేటు తనవైపు లాక్కుంది. ‘పొగాచాత్ సెరెత్నేక్’ అనేదాకా ఇవ్వలేదు.

మనం పక్కింటికి వెళ్లి ‘పంచదార కావాలి’ అనం. ‘కాస్త పంచదార ఉంటే ఇస్తారా’ అంటాం. మనకు ఆ ‘ఉంటే’ చేసే పని వాళ్లకు క్రియలో చేరిన ‘న’ చేస్తుంది. సెరెత్ అంటే ఇష్టపడటం. దానికి ‘నేక్’ చేరిస్తే ‘ఇస్తే బాగుండు’ అన్నంత మెత్తగా వినిపిస్తుంది. కొట్లో ‘కేరెక్’, అంటే ‘అడుగుతున్నాను’ అన్నా మర్యాదే. అక్కడివాళ్లు ఎక్కువగా వాడేది అదే.

ఇంకో సంగతి. ‘ఒక పొగాచ’ అయితే సెరెత్నేక్. వేలుపెట్టి ‘ఈ పొగాచ’ అని చూపిస్తే సెరెత్నేమ్. ఫలానాది అని తేలిపోతే క్రియ చివర మారిపోతుంది. ‘నిన్ను చూడాలనుంది’ అనాలంటే ‘సెరెత్నేలెక్ లాత్ని’. నేనూ, నువ్వూ ఇద్దరం ఆ ‘లెక్’లోనే ఉన్నాం. నేను ఇండియా వచ్చేశాక మా ఇంటి ఓనరమ్మ రాసిన మొదటి ఉత్తరం ఈ మాటతోనే మొదలైంది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఇక నీ ‘తుద్నాక్’. నువ్వు చెప్పిన రూల్ నిజమే. మనం ‘పులికి’ అని, ‘చెట్టుకు’ అని అన్నట్టే వాళ్ల ప్రత్యయాలూ ముందున్న అచ్చును బట్టి మారతాయి. కానీ ఫలానాది అని తేలనప్పుడు ‘నేను’ దగ్గర మాత్రం ఆ రూల్ ఆగిపోతుంది. అప్పుడు ఏ క్రియకైనా ‘నేక్’ ఒక్కటే: తుద్నేక్, వార్నేక్. ‘తుద్నాక్’ అనే మాట ఉంది, కానీ అది ‘వాళ్లకు అది తెలిసుంటే’ అనే అర్థానిది. ‘నేను వేచి ఉంటే’ అనబోయి ‘వార్నాక్’ అన్నా అంతే, వాళ్ల మాట అయిపోతుంది.

నువ్వు బాధపడకూడదని ఒక విషయం చెప్తాను. హంగేరీలో కొన్ని ప్రాంతాలవాళ్లు పుట్టి పెరిగిన యాసలో నీలాగే ‘నేను’కు ‘నాక్’ అంటారు. దానికి ‘నాకొలాష్’ అని పేరు కూడా పెట్టారు. చదువుకున్నవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు. నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది. మన దగ్గర ‘వచ్చిండు’ అన్న పిల్లల్ని తప్పన్నట్టు చూసిన రోజులు మరచిపోలేం కదా. మీ సెగెద్ చుట్టుపక్కల పెద్దవాళ్లు కూడా చాలా మాటల్లో ‘ఎ’ని పెదాలు గుండ్రంగా చుట్టి పలుకుతారు. ఊరి పేరు కూడా అలాగే అంటారు, విని చూడు. అయినా పరీక్షలో ‘తుద్నేక్’ అనే రాయి.

‘హ తుద్నామ్, మెగ్‌మొందనామ్’ అనే వాక్యం కూడా నోటికి పట్టించు. ‘తెలిసుంటే చెప్పేదాన్ని’ అని. ఇక్కడ ఫలానాది అని తేలింది కాబట్టి రూల్ ప్రకారమే ‘నామ్’ వచ్చింది. మనం ‘తే’ ఒకచోటే పెడతాం, వాళ్లు రెండు క్రియల్లోనూ ‘న’ పెడతారు. మనవాళ్లు రెండోది మరచిపోతుంటారు.

వార్డులోకి వెళ్లేముందు ఒక్క వాక్యం పదిసార్లు అనుకో: ‘మెగ్‌ముతత్నా, హొల్ ఫాయ్?’ ఎక్కడ నొప్పిగా ఉందో చూపిస్తారా అని. చిన్నపిల్లలైతే ‘మెగ్‌ముతత్నాద్’. పెద్దవాళ్ల దగ్గర చివర ఆ ‘ద్’ రానివ్వకు. మన తాతగారి వయసు మనిషిని ‘నువ్వు’ అన్నట్టు ఉంటుంది.