నాన్న పేరిట ఉపకారవేతనం పెట్టబోతున్న అమ్మాయికి

అనంతపురం.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మేమిక్కడ క్షేమం. మా తమ్ముడి పేరు మీద నువ్వు ఉపకారవేతనం పెడుతున్నావని, నేరం వల్లనో ప్రమాదం వల్లనో అప్పుల వల్లనో ఇంటి పెద్దదిక్కును పోగొట్టుకున్న పిల్లల చదువుకు ఇస్తావని, అందుకు 12 లక్షలు పక్కన పెట్టావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. నాకు రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. మొదటి రాత్రి సంతోషంతో, రెండో రాత్రి నువ్వు పంపిన దరఖాస్తు నమూనా చదివినందువల్ల.

తేలికైన సంగతులు ముందు చెప్పేస్తాను. ట్రస్టు దస్తావేజును మంచి వకీలు చేత రాయించి రిజిస్టరు చేయించు, పాన్ తీసుకో, బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడిచేటట్టు తెరువు, 80జి పన్ను మినహాయింపు సంగతి ఆడిటరుకు అప్పగించు. బ్యాంకులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నదానివి, ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. ఒక్క విషయంలో మాత్రం తొందరపడవద్దు. మీ తమ్ముడు డల్లస్ నుంచి ఏటా డాలర్లు పంపుతానన్నాడట. వాడు అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు కనుక, ట్రస్టుకు వాడిచ్చేది సొంత తండ్రి పేరు మీదనైనా సరే, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ విరాళమే అవుతుంది. దానికి కేంద్ర హోం శాఖ అనుమతి ఉండాలి, 2020 సవరణ తరువాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే ముందు పడాలి. అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. వాణ్ణి నొప్పించకుండా నేనే మాట్లాడతాను.

ఇక డబ్బు లెక్క. ఏడు శాతం వడ్డీ అనుకున్నా 12 లక్షల మీద ఏడాదికి వచ్చేది 84 వేలు. దాన్ని ఇరవై మందికి నాలుగేసి వేలు పంచుతానని రాశావు. అమ్మాయీ, నాలుగు వేలతో ఏ పిల్లా కాలేజీలో నిలబడదు. ఏటా ఇద్దరిని మాత్రమే తీసుకో. తీసుకున్నవాళ్లను నాలుగేళ్ల పాటు వదలకు. నాలుగో ఏటికి ఎనిమిది మంది అవుతారు, మనిషికి 10,500 వస్తుంది. మొదటి ఏడాది అందరూ సాయం చేస్తారు. చావు ఇంటికి వచ్చిన చుట్టాల లాగా ఆ సాయం కూడా పెద్దకర్మ దాకానే ఉంటుంది. పిల్లలు చదువు మానేసేది రెండో ఏట, మూడో ఏట. ప్రభుత్వం ఫీజు తిరిగి చెల్లిస్తుందన్న మాట నిజమే కానీ, ఆ డబ్బు ఆలస్యమైనప్పుడల్లా కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటారు. మెస్సు బిల్లు, పరీక్ష ఫీజు, బస్సు పాసు, కళ్లద్దాలు, ఇంటికి వెళ్లి రావడానికి ఛార్జీలు ఏ జీవోలోనూ ఉండవు. నీ డబ్బు వాటికి పోనీ. రసీదులు అడగవద్దు.

దరఖాస్తులో 75 శాతం మార్కులు తప్పనిసరి అని పెట్టావు. ఆ గీత నీ చేతితోనే గీశావా? 1999లో గుత్తి దగ్గర, అప్పటి ఏడో నంబరు జాతీయ రహదారి మీద లారీ మీ నాన్నను ఢీకొట్టి ఆగకుండా పోయినప్పుడు నువ్వు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నావు. ఆ ఏడు ఫిజిక్సులో నీకెన్ని మార్కులు వచ్చాయో నీకూ నాకూ తెలుసు, మీ అమ్మకు ఈనాటికీ తెలియదు. నువ్వు పెట్టిన నిబంధన ఆనాడు ఉండి ఉంటే నీ దరఖాస్తునే చెత్తబుట్టలో వేసేవాళ్లు. తండ్రి పోయిన ఏడాది మార్కులు తగ్గడం తెలివితక్కువతనం కాదమ్మా. ఆ గీత కొట్టివేయి.

ఇప్పుడు నా నిద్ర చెడగొట్టిన భాగానికి వస్తాను. నీ దరఖాస్తులో ఆరో అంశం: ‘ఎఫ్‌ఐఆర్ నకలు, పంచనామా, శవపరీక్ష నివేదిక జతపరచవలెను.’ ఏడో అంశం: ‘మీ కుటుంబానికి జరిగిన అన్యాయాన్ని ఒక పేజీకి మించకుండా వివరించండి.’ ఇవి నువ్వు దురుద్దేశంతో పెట్టలేదని నాకు తెలుసు. నేను కూడా పెట్టలేదు. ఈ సంగతి మీ పెద్దమ్మకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నప్పుడు, మాతో పనిచేస్తూ చనిపోయిన లెక్కల మాస్టారి పేరు మీద మేము కొందరం చందాలు వేసుకుని ఇలాంటి నిధినే పెట్టాము. మొదటి ఏడు మాట మీద నమ్మి ఇచ్చాము. ఒక పెద్దమనిషి లక్షణంగా బతికి ఉన్న బావమరిదిని దరఖాస్తులో చంపేసి, మేనల్లుడి పేరున డబ్బు పట్టుకుపోయాడు. ఆ బావమరిది మరుసటి వారం సంతలో నాకే నమస్కారం పెట్టాడు. నేను మోసపోయానన్న మాట ఊరంతా పాకింది. నాకు రోషం వచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర ఇచ్చేటట్టు 2004లో 421 నంబరు జీవో వచ్చింది గుర్తుందా? మన జిల్లాలో బోర్లు ఎండి, వేరుశనగ పోయి, ఆ కాగితాల కట్టలు పట్టుకుని ఆడవాళ్లు ఆర్డీవో కార్యాలయం చుట్టూ తిరుగుతున్న రోజులవి. వాళ్లను అడుగుతున్న కాగితాల జాబితానే నేను తెప్పించుకుని, ఉన్నదున్నట్టు మా దరఖాస్తులో ఎక్కించాను. ఇక ఎవడు మోసం చేస్తాడో చూద్దామనుకున్నాను.

2007లో మా బడిలో పదో తరగతి చదువుతున్న ఒక పిల్లవాడు దరఖాస్తు పెట్టాడు. వాడి తండ్రి మూడేళ్ల కింద వేరే మండలంలో పురుగుల మందు తాగి చనిపోయాడు. ఆ సమయానికి వాడు పట్నంలో ప్రైవేటు హాస్టలులో ఉన్నాడు. వాడు వచ్చేసరికి అంతా అయిపోయింది. తండ్రికి గుండెపోటు వచ్చిందని తల్లి చెప్పింది, నెల తిరగకముందే కొడుకును తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఊళ్లో పెద్దలకు నిజం తెలుసు, కానీ ఆమె ముఖం చూసి ఒక్కరు కూడా పిల్లవాడి ముందు నోరు జారలేదు. ఒక ఊరు ఊరంతా మూడేళ్లు దాచిన మాట అది.

తల్లి కూలికి వెళ్లిన సమయంలో, ఆమెకు చెప్పకుండా డబ్బు తెచ్చి చూపించాలన్న ఉబలాటంతో వాడు ట్రంకు పెట్టె తెరిచి నేనడిగిన కాగితాల కట్ట బయటికి తీశాడు. మండల కేంద్రంలో జిరాక్సు అంగడి దగ్గర వరుసలో నిలబడి, తన వంతు వచ్చేలోపల వాటిని చదివాడు. గుండెపోటు ఎక్కడా లేదు. పంచనామాలో తండ్రి అప్పులన్నీ వరుసగా రాసి ఉన్నాయి: బ్యాంకుకు ఇంత, ఎరువుల అంగడికి ఇంత, బోరు వేసినవాళ్లకు ఇంత. చివరి వరుసలో ‘కుమారుని హాస్టలు ఫీజు నిమిత్తము చేబదులు రూ. 3,000’ అని ఉంది.

వాడు ఏడవలేదు. నకళ్లు తీయించి, సాయంత్రం నా గదికి వచ్చి బల్ల మీద పెట్టి, ఆ చివరి వరుస మీద వేలు పెట్టి, ‘సార్, ఈ మూడు వేలు నా కోసం తెచ్చినవేనా?’ అని అడిగాడు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు అమ్మాయీ ఇది, దానికి ఆనాడు ఒక్క మాట దొరకలేదు. మేము వాడికి మంజూరు చేసిన మొత్తం కూడా సరిగ్గా మూడు వేలే. వాడు తీసుకోలేదు. నేను రెండుసార్లు ఇంటికి వెళ్లాను. మొదటిసారి తల్లి తలుపు దగ్గరే నిలబడి, ‘ఆ కాగితాలు మీకెందుకు సామీ?’ అన్నది. రెండోసారి తలుపు తీయలేదు. పిల్లవాడు పదో తరగతి పరీక్షలు రాశాడు, ప్యాసయ్యాడు కూడా, ఆ వేసవిలోనే బెంగళూరుకు కట్టడం పనికి వెళ్లిపోయాడు. చాలా ఏళ్ల తరువాత ధర్మవరం స్టేషనులో ఒకసారి కనిపించి, నా చేతిసంచి అందుకుని పెట్టెలోకి ఎక్కించాడు. కులాసా అడిగాడు. ఆ విషయం ఇద్దరమూ ఎత్తలేదు.

బావమరిదిని చంపేసిన ఆ పెద్దమనిషి చేతిలో మాకు పోయినది రెండు వేలు. దాన్ని కాపాడుకోవడానికి నేను చేసిన పని ఇది.

అందువల్ల ఆరు, ఏడు అంశాలు రెండూ తీసివేయి. మరి నిజం తేల్చుకోవడం ఎలాగంటావా? అది నీ పని, పిల్లల పని కాదు. బడి ప్రధానోపాధ్యాయుడిని అడుగు, జిల్లా బాలల సంరక్షణ అధికారిని అడుగు. కేసు ఉన్నచోట జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడుగు. ఏదైనా కాగితం చూడవలసి వస్తే నువ్వే పెద్దవాళ్ల ఇంటికి వెళ్లి, చూసి, అక్కడే వాళ్ల చేతికి తిరిగి ఇచ్చి రా. నకలు తీయవద్దు, ఫోనులో ఫొటో అసలే తీయవద్దు. అయినా ఏ ఏడైనా ఎవడో ఒకడు నిన్ను మోసం చేస్తాడు. చేయనీ.

న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినప్పుడు ఇంకొక పని కూడా చెయ్యి. నేరానికి గురైన కుటుంబానికి ప్రభుత్వం పరిహారం ఇచ్చే ఏర్పాటు 2009 చివర నుంచి చట్టంలో ఉంది. ఇప్పటి కొత్త నేర విచారణ స్మృతిలో (భారతీయ నాగరిక సురక్షా సంహితలో) అది 396వ సెక్షను. నేరస్థుడెవరో తెలియకపోయినా, విచారణే జరగకపోయినా ఆ కుటుంబం దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలియని తల్లులే ఎక్కువ. మీ నాన్న పోయినప్పుడు, లారీ దొరకలేదు కనుక మనకు వచ్చినది 25 వేలు, అది కూడా ఎన్నిసార్లు తిరిగితే వచ్చిందో మీ అమ్మ చెప్పులను అడగాలి. 2022 ఏప్రిల్ నుంచి అలాంటి మరణానికి 2 లక్షలు ఇస్తున్నారు. నీ 10,500తో పాటు ఆ దారి చూపించే మనిషి వాళ్లకు దొరికితే అది పెద్ద సాయం.

ప్రారంభ సభకు కల్యాణ మండపం మాట్లాడావని, పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీ కట్టించి ఎమ్మెల్యే గారి చేత చెక్కులు ఇప్పిస్తావని విన్నాను. మండపం వాళ్లకు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి రాకపోయినా ఫరవాలేదు, మానుకో. లైంగిక నేరాలకు గురైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం 2012 పోక్సో చట్టం కింద నేరం. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షను కూడా కేసుల్లో బాధితులో సాక్షులో అయిన పిల్లల పేరు, బడి, చిరునామా ప్రచురించవద్దంటుంది, తప్పితే ఆరు నెలల దాకా జైలో, 2 లక్షల దాకా జరిమానానో, రెండూనో. చట్టం భయం కోసం చెప్పడం లేదు. ఆ వేదిక ఎక్కిన పిల్ల మరునాడు అదే బడిలో అదే బెంచీ మీద కూర్చోవాలి. డబ్బు నేరుగా పిల్ల ఖాతాలో వేయి, మెరిట్ స్కాలర్‌షిప్ వాళ్లకు వెళ్లినట్టే వెళ్లనీ. మీ నాన్న ఫొటో ఒక్కటి నీ ఇంట్లో పెట్టుకో, చాలు.

నీకు తెలుసో లేదో, వాడు తాడిపత్రి బస్సులో కండక్టరుగా ఉన్న రోజుల్లో నేను ఆ బస్సులోనే బడికి వెళ్లేవాడిని. పాసు గడువు దాటిపోయిన పిల్లలు వెనక సీట్ల దగ్గర నక్కి ఉండేవాళ్లు. వాడు వాళ్ల దగ్గరికి వచ్చేసరికి టికెట్ల పెట్టె సర్దుకుంటున్నట్టు కిందికి చూస్తూ ముందుకు వెళ్లిపోయేవాడు. నేను కోప్పడితే, ‘అన్నా, నాకు కళ్లు సరిగా కనపడవు’ అనేవాడు. చెకింగ్ వాళ్లు ఎక్కిన రోజున తన జేబులో నుంచి కట్టుకున్నాడు కూడా. ఆ సంగతి మీ అమ్మకు చెప్పినట్టు లేడు, నువ్వూ చెప్పకు.

దరఖాస్తును మళ్లీ రాసి, సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా. పెన్సిలుతో రాసుకురా, ఇద్దరం కూర్చుని దిద్దుదాం. నా పెన్షనులో నుంచి 25 వేలు తీసి పెట్టాను. దానికి రసీదు రాయవద్దు, పేరు వేయవద్దు. మీ పెద్దమ్మ నిమ్మకాయ ఊరగాయ కలిపింది, ఖాళీ సీసా తెమ్మంటోంది.

ఇట్లు,
మీ పెదనాన్న