తిప్పతీగ అని ఇచ్చిందల్లా తిప్పతీగేనా?

ప్రశ్న: మూలికల అంగట్లో తిప్పతీగ పేరుతో ఎండు ముక్కలు, పొడి రెండూ కొన్నాను. అసలుదో కాదో తెలియక టెన్షన్‌గా ఉంది. రుచి చూస్తే తెలుస్తుందా?

జవాబు: రుచిని నమ్మకండి, దాని దగ్గరి చుట్టం టినోస్పోరా క్రిస్పా కూడా చేదే. పొడిని పక్కన పెట్టేయండి, చూసి గుర్తుపట్టడానికి అందులో ఏమీ మిగలదు. ముక్కను మాత్రం వెలుతురులో తిప్పి చూడండి. తిప్పతీగకి పైన కాగితంలా లేచే పల్చటి పొర, అక్కడక్కడ చిన్న బొడిపెలు ఉంటాయి, అడ్డంగా కోస్తే బండి చక్రం ఆకుల్లా గీతలు కనిపిస్తాయి. క్రిస్పా కాండం మీద బొడిపెలు ఒత్తుగా, పెద్దగా మొటిమల్లా ఉంటాయి. చక్రం ఒక్కటే చూసి ఖాయం చేసుకోవద్దు, అది చుట్టానికీ ఉంటుంది! వీలైతే ఆకులతో ఉన్న పచ్చి తీగ చూపించి వృక్షశాస్త్రం తెలిసినవాళ్లని అడగండి.

అసలు గొడవంతా పేర్లతోనే. అశోక అంటే కొందరు నరమామిడి చెక్క ఇచ్చేస్తారు, ఎందుకంటే ఆ చెట్టునీ జనం అశోక అనే పిలుస్తారు. ఇది చిన్న విషయం కాదు, 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందులో ఒక చైనా మూలికకు బదులు పేరు కలిసే అరిస్టోలోకియా జాతి మొక్క చేరి ఎంతోమంది కిడ్నీలు పాడయ్యాయి. మీరు ఇప్పటికే ఆ పొడి వాడుతుంటే ఆపి, మిగిలినదాన్ని పారేయకుండా డాక్టరుకి చూపించండి, కళ్లు పచ్చబడితే ఆలస్యం చేయకండి.