మోర్చాలో రాత్రంతా మేలుకునే ఉంటారా?

ప్రశ్న: మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు, ఇప్పుడు బోర్డర్‌లో పోస్టింగ్. రాత్రి మోర్చాలో, అంటే కాపలా కాసే గుంతలో, డ్యూటీ అంటాడు, అంతకుమించి చెప్పడు. ఆ గుంతలో తెల్లార్లూ నిద్ర ఆపుకుని కూర్చుంటారా? చీకట్లో ఏం కనిపిస్తుంది? అమ్మ ఒకటే టెన్షన్.
– ఒక అక్క, మల్కాజిగిరి

జవాబు: ముందు అమ్మగారికి ఒక మాట చెప్పండమ్మా, మోర్చాలో మామూలుగా ఒక్కణ్నే కూర్చోబెట్టరు. ఇద్దరుంటారు, ఒకరు కాపలా కాస్తుంటే రెండోవాడు అక్కడే కునుకు తీస్తాడు, వంతులవారీగా మారతారు. తెల్లార్లూ ఒకడే మేలుకుంటే చివరికి కళ్లు తెరుచుకునే ఉంటాయి కానీ ఎదురుగా ఉన్నది బుర్రకెక్కదు. పక్కవాడి మీద నమ్మకం లేకపోతే ఆ కాస్త కునుకూ పట్టదు, అందుకే ఒకే మోర్చాలో ఉన్నవాళ్లు సర్వీసు అయిపోయాక కూడా ఒకరినొకరు వదులుకోరు.

చీకట్లో చూడటం నేర్పిస్తారు. కళ్లు చీకటికి బాగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది, మధ్యలో అగ్గిపుల్ల వెలుగు పడిందా, మళ్లీ మొదటికే. ఇంకో సంగతి, మసక వెలుతుర్లో పనిచేసే కణాలు కంటి నడిమధ్యలో ఉండవు, కాబట్టి అనుమానం వచ్చిన చోటుకి కాస్త పక్కగా చూడాలి. కరెంటు పోయిన రాత్రి మీ డాబా మీద ఓ సన్నటి చుక్కని సూటిగా చూడండి, మాయమవుతుంది, చూపు పక్కకి జరపండి, మళ్లీ కనిపిస్తుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండేది వెలుతురు మారే వేళ, అంటే తెల్లవారుజామున, మునిమాపున. దాడి ఎక్కువగా అప్పుడే వస్తుందని మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో కూడా ఆ రెండు పూటలా అందరూ తుపాకులు పట్టి నిలబడేవాళ్లు, దాన్నే ‘స్టాండ్ టు’ అంటారు. సెలవుకొచ్చినప్పుడు మీ తమ్ముడు చీకటితోనే లేచి కూర్చుంటే కంగారు పడకండి.

శత్రువు సంగతి అలా ఉంచండి, తడి, చలి తక్కువవి కావు. 1944 డిసెంబరులో బెల్జియంలోని బాస్టోన్ దగ్గర అమెరికన్ సైనికులు గడ్డకట్టిన నేల తవ్వుకుని ఉంటే, తడిసిన బూట్లలో పాదాలు చచ్చుబడి ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు. కార్గిల్ లాంటి రాతి కొండల మీదయితే తవ్వడమే కుదరదు, రాళ్లు పేర్చి చాటు చేసుకుంటారు. ఆర్మీ సాక్సులు ఇస్తుంది, అయినా మీరూ నాలుగు జతల ఊలువి పంపండి, పొడి సాక్సులు ఎన్నున్నా ఎక్కువ కాదు.

ఫోన్లో మాత్రం ఎక్కడున్నావని గుచ్చి గుచ్చి అడగొద్దు. చెప్పకూడదు కాబట్టే చెప్పడం లేదు. పక్కన డ్యూటీ చేసే అబ్బాయిది ఏ ఊరో అడగండి, దానికైతే గంటసేపు మాట్లాడతాడు.