సివిల్స్ వ్యాసంలో పేరాలు దేనికవే ఉంటున్నాయి, లంకె ఎలా కుదర్చాలి?

తిరుపతిలో ఇంట్లోనే ఉండి తెలుగు మాధ్యమంలో సివిల్స్‌కి చదువుతున్నానన్నారు. వ్యాసం దిద్దినవాళ్ళంతా ‘పేరాలు అతకలేదు’ అంటున్నారని, ‘అలాగే’, ‘అంతేకాక’ పెంచినా లాభం లేదని రాశారు. ఉండదు మరి. అతుకు చెడేది పేరాల వరుస దగ్గర. ఆ వరుస రాయక ముందే తేలిపోవాలి.

మూడు గంటల్లో రెండు వ్యాసాలు, ఒక్కోటి 1000 నుంచి 1200 పదాలు, 125 మార్కులు. అంటే వ్యాసానికి 90 నిమిషాలు. మొదటి 15 నిమిషాలు చిత్తుకే ఇవ్వండి. ఎనిమిది తొమ్మిది పేరాలకు తలా ఒక వాక్యం రాసుకోండి. ఉత్త శీర్షిక రాస్తే పనికిరాదు. ‘మామిడి రైతు’ అని రాస్తే అది దేని పక్కనైనా కూర్చుంటుంది. ‘కాయ నిలవ ఉండదు కాబట్టి రైతుకు బేరమాడే బలం లేదు’ అని రాస్తే తర్వాత ఏం రావాలో అదే చెబుతుంది. ఇప్పుడు ఒక్కో వాక్యానికీ తర్వాతిదానికీ మధ్య ‘కాబట్టి’, ‘ఎందుకంటే’, ‘అయినా’, ‘ఉదాహరణకు’ పెట్టి చూడండి. ఏదీ కుదరక ‘ఇంకా’ మాత్రమే పడుతుంటే ఆ పేరా చోటు తప్పింది. ముందుకో వెనక్కో జరపండి, లేదా పక్కదాంట్లో కలిపేయండి. ఒకటి రెండు ‘ఇంకా’లు పర్వాలేదు. వరుసగా మూడొస్తే చదివేవాళ్ళకి సరుకుల చీటీలా ఉంటుంది.

వరుస కుదిరాక మిగిలేది మొదటి వాక్యం. పై పేరా ఇలా ముగిసిందనుకోండి: ‘చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి ఎక్కువగా జూన్, జూలైలలోనే కోతకొస్తుంది, కోసిన కాయ నిలవ ఉండదు గనక గుజ్జు ఫ్యాక్టరీ చెప్పిన ధరకే రైతు తోలాలి.’ దాని కింద ‘ప్రభుత్వం కూడా అనేక చర్యలు చేపట్టాలి’ అని మొదలుపెడితే తెగిపోయింది. ‘చెప్పిన ధరకే తోలాల్సిన ఈ నిస్సహాయత మద్దతు ధర ఒక్కదానితో పోదు’ అనండి. పై పేరా చివరి మాటను ‘ఈ’తో పట్టుకుని, దానికి ఒక పేరు పెట్టి, కొత్త సంగతిని క్రియ దగ్గరకు తెచ్చాం. ఉత్త ‘ఇది’ రాయకండి. కాయా, ధరా, ఫ్యాక్టరీయా, దేన్నంటున్నారో తెలీదు.

తెలుగులో ఇంకో సౌకర్యం ఉంది, చాలామంది వాడుకోరు. ‘అయితే మరోవైపు చూసినట్లయితే’ అని అరపంక్తి ఖర్చుపెట్టే బదులు ‘కౌలు రైతుకు మాత్రం ఆ ధర కూడా అందదు’ అంటే చాలు. ‘మాత్రం’ వ్యతిరేకతను మోస్తుంది, ‘కూడా’ పై పేరాను గుర్తుచేస్తుంది.

వ్యతిరేకత లేనిచోట ‘అయితే’, కారణం చూపకుండా ‘అందువల్ల’ వేస్తే మాత్రం ఏమీ పెట్టకపోవడం కన్నా నష్టం, దిద్దేవాళ్ళు వెనక్కెళ్ళి వెతుక్కోవాలి. ‘ఈ నేపథ్యంలో’ వ్యాసం మొత్తానికి ఒక్కసారి. ‘మరి పరిష్కారమేమిటి?’ కూడా అంతే. ‘ఇప్పుడు కారణాలు పరిశీలిద్దాం’ అసలొద్దు, నేరుగా కారణం చెప్పండి. పేరాను సూక్తితో మొదలుపెట్టే అలవాటుంటే మానుకోండి, పైనున్న దారం అక్కడే తెగుతుంది.

రాసేటప్పుడు ప్రతి పేరా కింద రెండు పంక్తులు వదలండి. చివరి ఐదారు నిమిషాల్లో వ్యాసమంతా చదవక్కర్లేదు. ఒక్కో పేరా చివరి వాక్యం, కింది పేరా మొదటి వాక్యం జంటగా చదువుకుంటూ పోండి. పొసగనిచోట వదిలిన ఖాళీలో ఒక వాక్యం చేర్చండి.

టైము చాలక ఒక పేరా వదిలేస్తే దాని కింది పేరా మొదటి వాక్యాన్ని వెంటనే మార్చండి. చిత్తులో అనుకున్నట్టే రాసేస్తే, ఉదాహరణకు వలస మీది పేరా వదిలేశాక కూడా, ఎక్కడా లేని ఆ పేరాను పట్టుకుని ‘ఈ వలస’ అని ముగింపు మొదలవుతుంది.