షార్ట్ బెడ్ ట్రక్కుకి ఫిఫ్త్ వీల్ హిచ్: "నెలకి 31 డాలర్లేగా" అంటే ఒప్పుకోవద్దు

ప్రశ్న: అన్నా, మేం డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. నా దగ్గర ఫోర్డ్ ఎఫ్-250 క్రూ క్యాబ్ ఉంది, బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) ఆరుముప్పావు అడుగులు, ఫ్యాక్టరీ ఫిఫ్త్ వీల్ ప్రెప్ ప్యాకేజీ (హిచ్ బిగించే రంధ్రాలు బెడ్‌లో ముందే ఉండేది) ఉంది. 50,000 డాలర్ల ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (ట్రక్కు బెడ్‌లో తగిలించి లాగే పెద్ద క్యాంపింగ్ ట్రైలర్) చూశాం, ఏడాదికి ఐదారు ట్రిప్పులు అనుకుంటున్నాం. డీలర్ హిచ్‌కి, అంటే ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే దానికి, మూడు రేట్లు చెప్పాడు, ఫిక్స్‌డ్ (కదలనిది) 900, మాన్యువల్ స్లైడర్ (చేత్తో లాక్ తీసి వెనక్కి జరిపేది) 1,700, ఆటో స్లైడర్ (తనంతట తానే జరిగేది) 3,200. షార్ట్ బెడ్ కాబట్టి ఆటోదే తీసుకో, లోన్‌లో కలిపేస్తే నెలకి 31 డాలర్లే తేడా అంటున్నాడు. లోన్ 8 శాతం, 15 ఏళ్ళు. డౌన్ పేమెంట్ 10,000 నా 401కే (కంపెనీ రిటైర్మెంట్ ఖాతా) నుంచి లోన్ తీద్దామనుకుంటున్నా. ఇంకా హెచ్-1బీ వర్క్ వీసా మీదే ఉన్నా, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది. ఏది తీసుకోమంటారు?

జవాబు: బ్రదర్, ముందు హిచ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీరు అడిగింది అదే, డీలర్ మిమ్మల్ని తొందరపెడుతున్నదీ అక్కడే. నా మాట మాన్యువల్ స్లైడర్, అదీ చేతిలో డబ్బు పెట్టి కొనండి, లోన్‌లో కలపొద్దు. ఎందుకో చెప్తా.

షార్ట్ బెడ్‌తో ఇబ్బంది ఏంటంటే కింగ్‌పిన్ (ట్రైలర్ ముందు భాగం కింద ఉండి హిచ్‌లో దిగే పిన్ను) కూర్చునే చోటు వెనక ఇరుసుకి దాదాపు సరిగ్గా పైన ఉండాలి, లాంగ్ బెడ్ ఎనిమిది అడుగులు కాబట్టి అక్కడి నుంచి క్యాబ్ దాకా కావాల్సినంత ఖాళీ ఉంటుంది, మీ దాంట్లో అంత ఉండదు. రోడ్డు మీద నేరుగా పోతున్నంతసేపు ఏమీ తెలీదు. క్యాంప్‌గ్రౌండ్‌లో రివర్స్ చేస్తూ బాగా మడత పెట్టినప్పుడు ట్రైలర్ ముందు మూల వచ్చి క్యాబ్ వెనక అద్దానికి తగులుతుంది. పాత లెక్క ఒకటుంది, హిచ్ మధ్య నుంచి క్యాబ్ వెనక దాకా ఉన్న దూరం, ట్రైలర్ వెడల్పులో సగం కంటే ఓ నాలుగు అంగుళాలు ఎక్కువుండాలి, అప్పుడే 90 డిగ్రీలు తిరిగినా భయం లేదు. మీ ట్రైలర్ 96 అంగుళాల వెడల్పు అనుకుంటే సగం 48, నాలుగు కలిపితే 52. మీ ట్రక్కులో ఆ దూరం 42 అంగుళాలు వచ్చిందనుకోండి, ముందు భాగం చదరంగా ఉన్న ట్రైలర్ అయితే సుమారు 60 డిగ్రీల దగ్గరే క్యాబ్‌కి ఆనేస్తుంది. ఇప్పుడొచ్చే వాటికి ముందు మూలలు గుండ్రంగా చెక్కి, పిన్ బాక్స్ (కింగ్‌పిన్‌ని పట్టి ఉంచే భాగం) ముందుకి పొడిగించి ఇస్తున్నారు, దానివల్ల ఇంకొన్ని డిగ్రీలు కలిసొస్తాయి, అందుకే డీలర్లు "షార్ట్ బెడ్‌కి సరిపోతుంది" అని ధైర్యంగా అంటారు. ఆ మాట మీద 900 డాలర్ల ఫిక్స్‌డ్ హిచ్ కొనకండి. టేపు తీసుకుని మీరే కొలవండి, మీ ట్రక్కు, ఆ ట్రైలర్, రెండూ పక్కపక్కన పెట్టి.

నా క్లయింట్ ఒకాయనకి ఇదే జరిగింది. ఆయనదీ షార్ట్ బెడ్డే, ఫిక్స్‌డ్ హిచ్. పాలో డ్యూరో కాన్యన్ దగ్గర రాత్రి పూట సైట్‌లోకి వెనక్కి పెడుతుంటే భార్య టార్చి పట్టుకుని "ఇంకా, ఇంకా" అంటోంది, ఆమె చూపంతా వెనకున్న చెట్టు మీదే, ముందు మూల ఎవరూ చూడలేదు. టప్‌మని ఒక్క శబ్దం, వెనక అద్దం పొడి పొడిగా రాలి పిల్లల కార్ సీట్ల మీద పడింది, అదృష్టం బాగుండి పిల్లలప్పటికే దిగి ఉన్నారు. అద్దం, క్యాబ్ పైకప్పు అంచు, ట్రైలర్ ఫైబర్‌గ్లాస్ మూల, మూడూ కలిపితే బిల్లు ఆయన హిచ్ మీద మిగుల్చుకున్న దానికి ఎన్నో రెట్లు. ట్రక్కుకో డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇచ్చే ముందు మన జేబులోంచి కట్టే వాటా), ట్రైలర్‌కో డిడక్టిబుల్ విడివిడిగా కట్టాడు. ఆ ఫోటోలు నాకు పంపిన రోజు నుంచి షార్ట్ బెడ్ వాళ్ళెవరికీ ఫిక్స్‌డ్ హిచ్ చవక అని నేను చెప్పట్లేదు.

మరి ఆటో ఎందుకొద్దంటున్నా? ఆటో స్లైడర్ మంచి వస్తువే, పుల్‌రైట్ సూపర్‌గ్లైడ్ లాంటివి ట్రక్కు మలుపు తిరిగే కొద్దీ తనంతట తానే వెనక్కి జరుగుతాయి, నేరుగా అయ్యాక మళ్ళీ ముందుకొస్తాయి, మీరు దిగక్కర్లేదు, గుర్తుపెట్టుకోనక్కర్లేదు. దానికి ట్రైలర్ పిన్ బాక్స్‌కి క్యాప్చర్ ప్లేట్ (పిన్‌ని హిచ్‌లో తిరక్కుండా పట్టే ప్లేట్) బిగించాలి, ట్రైలర్ మార్చినప్పుడల్లా అది కూడా చూసుకోవాలి. ఏడాదంతా ట్రైలర్‌లోనే ఉండి రెండ్రోజులకో ఊరు మారేవాళ్ళకైతే నేనే కొనమంటా. మీవి ఐదారు ట్రిప్పులు. మాన్యువల్ స్లైడర్ అయితే సైట్ ముందు ఆగి, దిగి, హ్యాండిల్ లాగి, ట్రైలర్ బ్రేకులు పట్టి ఉంచి ట్రక్కుని మెల్లగా ముందుకి పోనిస్తే హిచ్ తల వెనక్కి జరిగి టక్‌మని లాక్ పడుతుంది. ఓ 10, 12 అంగుళాలు కలిసొస్తుంది, 42కి 12 కలిపితే 54, మన లెక్క దాటేసినట్టే. పని అయ్యాక మళ్ళీ ముందుకి తెచ్చి లాక్ చేయాలి, వెనక పొజిషన్‌లో ఉంచి హైవే ఎక్కకూడదు, ఎందుకంటే బరువు ఇరుసు వెనక్కి పడి ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. మీరూ, మా చెల్లెమ్మా ఇద్దరూ ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఒక ఆదివారం పొద్దున్న పదిసార్లు చేస్తే చేతికి వచ్చేస్తుంది. ఇద్దరూ నేర్చుకోవాలి, ఒక్కళ్ళే నేర్చుకుంటే రెండోవాళ్ళు నడిపే రోజున మర్చిపోతారు.

ఇంకో కారణం బరువు, ఇది డీలర్ ఎలాగూ చెప్పడు. డ్రైవర్ డోర్ తీస్తే లోపల పసుపు గీత ఉన్న స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకి మించకూడదు అని పౌండ్లలో రాసి ఉంటుంది. మీది 3,150 అనుకుందాం. ఫిఫ్త్ వీల్ బరువులో సుమారు ఐదో వంతు నేరుగా ట్రక్కు మీదే పడుతుంది, 11,500 పౌండ్ల ట్రైలర్ అయితే 2,300. బ్రోచర్‌లో ఉండే పిన్ వెయిట్ (ట్రక్కు మీద పడే ఆ బరువే) ఖాళీ ట్రైలర్‌ది, బియ్యం మూటా, కుక్కరూ, నీళ్ళూ, గ్యాసూ పెట్టాక అది ఉండదు. మీ నలుగురూ 560. ఇక మిగిలింది 290. మోడల్‌ని బట్టి మాన్యువల్ స్లైడర్ ఓ 200 అటూఇటూగా ఉంటుంది, ఆటోవి 250 పైమాటే, అంటే ఆటో పెట్టాక కూలర్ బాక్స్ పెట్టడానికి కూడా చోటుండదు. అదీ కాక ఆ స్టిక్కర్ అంకె ట్రక్కు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పటిది, తర్వాత మీరు వేయించిన బెడ్ కవర్, మ్యాట్లు, టూల్ బాక్స్ అన్నీ అందులోంచి తీసేయాలి. మీ స్టిక్కర్ అంకె నేననుకున్న దానికంటే తక్కువుంటే అండర్సన్ లాంటి అల్యూమినియం హిచ్ చూడండి, 40 పౌండ్ల లోపే ఉంటుంది, బెడ్ మధ్యలో బిగించే గూస్‌నెక్ బంతి అనే హిచ్ బాల్ మీద కూర్చుంటుంది, కాకపోతే అది స్లైడ్ అవ్వదు, కొద్దిగా మాత్రం వెనక్కి సర్దుకోవచ్చు. కింగ్‌పిన్‌ని ఆ బంతికి కలిపే పొడవాటి గూస్‌నెక్ అడాప్టర్లు మాత్రం ట్రైలర్ ఫ్రేమ్ వారంటీ పోగొట్టే ప్రమాదం ఉంది, ఫ్రేమ్ చేసిన కంపెనీ నుంచి రాతపూర్వకంగా సరే అనిపించుకోకుండా పెట్టకండి. మీకు ఫ్యాక్టరీ ప్రెప్ ఉంది కాబట్టి బెడ్‌లో ఫ్యాక్టరీ ఇచ్చిన రంధ్రాల్లో (వాటిని పక్ అంటారు) దిగే హిచ్ మాత్రమే అడగండి, బెడ్‌లో కొత్తగా రంధ్రాలు కొట్టి రెయిల్స్ బిగించే కూలీ అనవసరం, రేపు ట్రక్కు అమ్మేటప్పుడు హిచ్ తీసి పక్కన పెట్టుకోవచ్చు.

ఇప్పుడు ఆ 31 డాలర్లు. 3,200ని 8 శాతం మీద 15 ఏళ్ళకి పెడితే నెలకి 30 డాలర్ల 58 సెంట్లు, డీలర్ అబద్ధం చెప్పలేదు. కానీ చివరికి మీరు కట్టేది 5,500. అంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకోటి, ఆరేళ్ళు కట్టాక, అప్పటికి 2,200 కట్టేసి ఉంటారు, ఆ హిచ్ మీద ఇంకా 2,350 బాకీ ఉంటుంది. అంటే వస్తువు అరిగిపోతుంది, అప్పు మాత్రం ముప్పావు వంతు అలాగే ఉంటుంది. ట్రైలర్‌దీ ఇదే తీరు, 40,000 లోన్‌కి నెలకి 382, ఆరేళ్ళ తర్వాత కూడా 29,000 పైన బాకీ, ఆ రోజుకి ఆ ట్రైలర్‌కి అంత రేటు రావడం కష్టం. అందుకే హిచ్ ఒక్కటైనా అప్పు లేకుండా మీదై ఉండాలి, 1,700 నాలుగైదు నెలల్లో పక్కన పెట్టుకోండి, వాడినది మంచిది దొరికినా తీసుకోవచ్చు, కింగ్‌పిన్‌ని పట్టుకునే దవడలూ, పిన్నులూ అరగలేదని చూసి.

401కే లోన్ మాట మాత్రం వద్దు బ్రదర్, ఇది గట్టిగా చెప్తున్నా. మీరు హెచ్-1బీ మీద ఉన్నారు, ఉద్యోగం పోతే చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, ఇంటి ఈఎంఐ కట్టాలి, పిల్లల స్కూల్ చూసుకోవాలి, దాని మీద ఒక ట్రైలర్ అమ్మాలి. 401కే లోన్ తీర్చకుండా కంపెనీ వదిలితే సాధారణంగా మిగిలిన బాకీ ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా కట్టాలి, లేదంటే దాన్ని ఆదాయంగా లెక్కేసి, 59న్నర ఏళ్ళు నిండలేదు కాబట్టి పైన 10 శాతం పెనాల్టీ కూడా వేస్తారు. ఐ-140 ఉండటం మంచిదే గానీ అది జీతం ఇవ్వదు. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పక్కన ఉంటే, దాన్ని ముట్టుకోకుండా 10,000 కూడబెట్టగలిగితే అప్పుడు ట్రైలర్ కొనండి, ఒక సీజన్ ఆలస్యమైతే అవుతుంది. ఈలోపు అద్దెకి తీసుకుని ఒక ట్రిప్పు వెళ్ళి చూడండి, పిల్లలకి నచ్చుతుందో లేదో కూడా తెలుస్తుంది.

ఎవరో ఫ్రెండ్ ట్రైలర్ వడ్డీ టాక్స్‌లో తగ్గించుకోవచ్చు అని చెప్పే ఉంటారు. పడుకునే చోటు, వంట, టాయిలెట్ మూడూ ఉంటే అది రెండో ఇల్లుగా లెక్కకొస్తుంది, నిజమే. కానీ 2025కి భార్యాభర్తలిద్దరికీ కలిపి స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపకుండానే ఆదాయంలోంచి తగ్గించే మొత్తం) 31,500, మీ ఇంటి వడ్డీ, ప్రాపర్టీ టాక్స్, ఇదీ అన్నీ కలిపి అది దాటితే ఆ దాటిన ముక్క మీదే లాభం. దీన్ని చూసి కొనే నిర్ణయం తీసుకోకండి.

హిచ్ బిగించిన రోజు అక్కడ షాపులోనే ఒక పని చేయించుకోండి. ట్రైలర్ కాళ్ళు నేలకి ఆన్చి ఉండగానే, ట్రైలర్ బ్రేకులు పట్టి, ట్రక్కుని కొంచెం ముందుకి లాగమనండి. దవడలు కింగ్‌పిన్‌ని సరిగ్గా పట్టకపోతే అప్పుడే బయటపడుతుంది, కాళ్ళు కింద ఉన్నాయి కాబట్టి ట్రైలర్ మీ బెడ్ అంచుల మీద పడదు. ఇది ప్రతి ట్రిప్పుకీ, ప్రతిసారీ. ఈ వారంలో డోర్ స్టిక్కర్ ఫోటో, హిచ్ మధ్య నుంచి క్యాబ్ దాకా అంగుళాలు, ట్రైలర్ వెడల్పు, ఈ మూడూ నాకు రాసి పంపండి. అప్పటిదాకా డీలర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.